ఎడ్వర్డ్ జి. బడ్
ఎడ్వర్డ్ జి. బడ్ (డిసెంబర్ 28, 1870 - నవంబర్ 30, 1946) అమెరికాకు చెందిన పారిశ్రామికవేత్త. ఇతడు డెలావేర్ రాష్ట్రంలోని స్మిర్నాలో జన్మించాడు. కార్ల బాడీలను కొయ్య చట్రంపై నిర్మిస్తున్న ఆ రోజులలో, వాటిని పూర్తిగా ఉక్కుతోనే చేయాలని 1912లో ఫిలడెల్ఫియాలో సంస్థను స్థాపించాడు. డాడ్జ్ సోదరుల కార్లకు బాడీలు సరఫరా చేయడంతో అది నిలదొక్కుకున్నది.

1930లలో ఆర్థిక మాంద్యం వలన కార్ల గిరాకీ పడిపోగా బడ్ రైలు పెట్టెలపై దృష్టి సారించాడు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు. కానీ మామూలు వెల్డింగు వేడికి ఆ గుణమే దెబ్బతింటుంది. సంస్థ ఇంజనీరు ఎర్ల్ రాగ్స్‌డేల్ రూపొందించిన షాట్‌వెల్డ్ పద్ధతిలో విద్యుత్తును రెప్పపాటు కన్నా తక్కువసేపు ప్రసరింపజేసి రేకులను అతికారు. ఇట్లు తయారైన జెఫిర్ డీజిల్ రైలు 1934 మే 26న డెన్వర్ నుండి షికాగోకు 1,015 మైళ్ళను 13 గంటల 5 నిమిషాలలో చేరింది. ఇంజను మాత్రం జనరల్ మోటార్స్ అనుబంధ సంస్థది. బడ్ సంస్థ 1987లో రైలు పెట్టెల తయారీని నిలిపివేసింది.