విద్యార్థుల మనసెరిగిన ప్రిన్సిపాల్

బెత్తం లేకపోతే చదువు రాదనే మాట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నేటికీ వినిపిస్తుంది. మదరసాలో చదువుకున్న మాకు అది మరీ పాత మాట. డిగ్రీ కాలేజీలో బెత్తం ఉండదు గాని హాజరు పట్టీ, ఇంటర్నల్ మార్కులు ఆ పని చేస్తుంటాయి. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. దాని పరిధిలోని కాలేజీలకు వచ్చేవారిలో, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలు ఎందరో! నలుగురిలో ఒక అవమానపు మాట పడితే, వెనుక బెంచీకి, అక్కడి నుండి ఇంటికి జారిపోయే వారిని మేము ఎరుగుదుము.

ఇబ్నె ఖల్దూన్ 1377 నాటి తన ‘ముఖద్దిమా’లో దీనికొక అధ్యాయమే కేటాయించారు. కాఠిన్యం వల్ల విద్యార్థిలో ఉత్సాహం చచ్చి, సోమరితనం, అబద్ధం, కపటం అలవాటవుతాయని వివరించారు.

మన తెలుగునాట దీనికి భిన్నంగా నడిచిన గురువు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. 1862లో మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి సైన్యంలో సుబేదారు. ఆయన వెంట ఉత్తరాదిన పెరగటం వల్ల ఉర్దూ, ఫార్సీ అబ్బాయి. (ఈ సంగతి మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు.) హైదరాబాద్‌లో చదివి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ చేరారు. అక్కడ ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ ప్రభావం ఆయనపై గాఢంగా పడింది. 1889లో భార్య మరణించగా మరల వివాహం చేసుకోలేదు. తెల్లని దుస్తులే ధరించారు.

సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీకి, తరువాత కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. కాకినాడలో 1919 వరకు ఉన్నారు. ఆ కాలేజీలో ఆడపిల్లలకు, అంటరానివారుగా చూడబడిన పిల్లలకు తలుపులు తెరిచారు. నీవు ఇక్కడి వాడివే అన్న నమ్మకం కలగనిదే ఏ విద్యార్థికీ పాఠం తలకెక్కదు గదా! బీద విద్యార్థులను ఆదుకున్నారు, అనాథ శరణాలయం నడిపారు.

ఆయన మెతక మనిషి అనుకోరాదు. నడవడి విషయంలో చాలా నిక్కచ్చి. భోగం మేళాలకు వ్యతిరేకంగా గట్టిగా పోరాడారు. అయితే ఆ నిష్ఠను ముందు తనపై అమలు చేసుకున్నారు. అందుకే శిష్యులు భయంతో గాక ప్రేమతో ఆయన వెంట నడిచారని మా అభిప్రాయం. అక్కడ చదివిన చలం ఆయన ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్లారు, ఆపైన గురువు ఊహించని దారి పట్టారు. ఇది గురువు వైఫల్యమని కొందరంటారు. మేము అలా తలచము. సొంతంగా ఆలోచించే శిష్యుడు అచ్చు గురువులాగే ఉండాలనేమీ లేదు.

1924లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా ఉండి, 1939లో కన్నుమూశారు.