నథానియల్ హాథార్న్

అమెరికా నవలా సాహిత్య నిర్మాతలలో నథానియల్ హాథార్న్ అగ్రగణ్యుడు. ఆయన 1804 జూలై 4న మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం పట్టణంలో జన్మించాడు. ఓడ కెప్టెన్ అయిన తండ్రి 1808లో మరణించగా తల్లి సంరక్షణలో పెరిగాడు.

1692లో సేలంలో మంత్రగత్తెలన్న నిందమోపి జరిపిన విచారణల ఫలితంగా 19 మందిని ఉరితీశారు. నాటి న్యాయాధికారులలో హాథార్న్ పూర్వీకుడు జాన్ హాథార్న్ ఒకడు. ఆ వంశకళంకం రచయిత మనస్సును కలచివేసింది.

1849లో సేలం సుంకాల కార్యాలయంలోని ఉద్యోగం పోయింది. ఆ యేడే తల్లి కన్నుమూసింది. ఆ దుఃఖంలోనే రచించిన ‘ది స్కార్లెట్ లెటర్’ నవల 1850లో వెలువడి ఆయనకు శాశ్వత కీర్తిని ఆర్జించిపెట్టింది.

పాపం, పశ్చాత్తాపం ఈ నవలకు వస్తువు. తప్పు బయటపడిన హెస్టర్ లోకనిందను సహించి ఉన్నతురాలవుతుంది. అదే తప్పును దాచుకొన్న మతగురువు డిమ్స్‌డేల్ లోలోపల కుమిలి కృశిస్తాడు. వస్తువు కఠినమైనదైనా కథాస్వరం గంభీరం, కరుణార్ద్రం. రచయిత ఆ స్త్రీని దూషించడు. ఆమెను వెలివేసిన సమాజ కాఠిన్యాన్ని మాత్రం సున్నితమైన వ్యంగ్యంతో ఎత్తిచూపుతాడు. శిక్షలు విధించిన వంశంలో పుట్టిన హాథార్న్ దోషుల హృదయవేదనకు అక్షరరూపమిచ్చాడు. ఆయన 1864 మే 19న పరమపదించాడు.