పది రాళ్ల మోస్ గారు

కొత్త ఫోన్ కొనేముందు మనలో చాలామంది యూట్యూబ్‌లో ఒక రకం వీడియో చూస్తాం. ఒకతను పెన్నుల్లాంటి పరికరాలతో స్క్రీన్ మీద వరసగా గీస్తూ పోతాడు. మామూలుగా ఐదు దాకా ఏమీ కాదు, ఆరు దగ్గర సన్నగా గీతలు మొదలవుతాయి, ఏడుకి లోతుగా పడతాయి. ఆ నంబర్లు ఎక్కడివో నేనెప్పుడూ ఆలోచించలేదు. మొన్న జేబులో ఉన్న ఇసుక వల్ల నా ఫోన్ మీద గీతలు పడ్డాక, గాజు మీద ఇసుక ఎలా గీస్తుందా అని వెతికితే ఒక జర్మన్ మాస్టారి దగ్గర తేలాను. ఆయన పేరు ఫ్రీడ్రిక్ మోస్.

మోస్ 1773 జనవరి 29న జర్మనీలోని హార్ట్స్ కొండల దగ్గర గెర్న్‌రోడె అనే చిన్న ఊళ్లో పుట్టారు. హాలె యూనివర్సిటీలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి, తర్వాత ఫ్రైబెర్గ్ మైనింగ్ అకాడమీలో చేరారు. అక్కడ ఆయన గురువు అబ్రహాం వెర్నర్. రంగు, మెరుపు, బరువు, విరిగే తీరు చూసి రాయిని గుర్తుపట్టడం వెర్నర్ నేర్పేవారు. కానీ గట్టిదనాన్ని మాత్రం మాటల్లోనే చెప్పుకునేవాళ్లు: మెత్తన, కాస్త గట్టి, బాగా గట్టి. ఒకరికి కాస్త అనిపించింది ఇంకొకరికి బాగా అనిపించొచ్చు కదా!

చదువయ్యాక మోస్ కొన్నాళ్లు గనిలో ఫోర్‌మన్‌గా పనిచేశారు. 1802లో వియన్నా వెళ్లారు. అక్కడ ఫాన్ డెర్ న్యూల్ అనే బ్యాంకరు పోగేసుకున్న ఖనిజాల్లో ఏది ఏమిటో తేల్చి కేటలాగ్ రాయడం ఆయన పని. ఇలాంటి పనిలో రంగుని నమ్మితే మోసపోతాం. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, తెల్లగా ఉంటుంది, గులాబీగా ఉంటుంది, ఊదాగా కూడా ఉంటుంది. తెల్ల క్వార్ట్జ్, తెల్ల కాల్సైట్ పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకి తేడా తెలీదు. కానీ ఒకదానితో ఒకటి గీసి చూస్తే క్షణంలో తేలిపోతుంది. గీత కాల్సైట్ మీదే పడుతుంది.

ఇలా గీసి చూడటం మోస్ కనిపెట్టింది కాదు, పాత గ్రీకులకీ తెలుసు. ఆయన చేసిందల్లా దానికో పద్ధతి పెట్టడం. 1812లో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో, యోహానియం మ్యూజియంలో ప్రొఫెసర్‌గా చేరారు. పది ఖనిజాలు ఎంచి వరస పెట్టింది అప్పుడే. ఒకటి టాల్క్, చిన్నప్పుడు పలక మీద రాసుకున్న బలపం రాయిలో ఉండేది ఇదే. రెండు జిప్సం, మూడు కాల్సైట్, నాలుగు ఫ్లోరైట్, ఐదు అపటైట్, ఆరు ఫెల్డ్‌స్పార్, ఏడు క్వార్ట్జ్, ఎనిమిది టోపాజ్. తొమ్మిది కురువిందం, కెంపు, నీలం దీని రూపాలే. పది వజ్రం. మన గోరు దాదాపు రెండున్నర, చాకు, గాజు ఐదున్నర దగ్గర ఉంటాయి. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్. నా ఫోన్ కథ అక్కడ తేలిపోయింది.

వంటింట్లో కూడా ఇది చూడొచ్చు. కడప బండ సున్నపురాయి, అందులో ఉండేది కాల్సైట్, కాబట్టి చాకు గీత పడుతుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి, చాకు పప్పులు ఉడకవు.

మన సీఎస్ఈ వాళ్లకి ఇది చూడగానే అర్థమవుతుంది, ఇదొక కంపారిజన్ సార్ట్. నంబరు ర్యాంకే తప్ప కొలత కాదు. తొమ్మిదికీ పదికీ తేడా ఒక్క అంకెలాగే కనిపిస్తుంది, నిజంగా కొలిస్తే వజ్రం కురువిందం కన్నా కొన్ని రెట్లు గట్టిది.

అయితే మోస్ జీవితంలో పెద్ద పని ఇది కాదు. మొక్కల్నీ జంతువుల్నీ జాతులుగా విడదీసినట్టు ఖనిజాలన్నిటినీ విడదీయాలని ఆయన ఆశ. అదీ కెమిస్ట్రీ జోలికి పోకుండా, ఆకారం, గట్టిదనం, సాంద్రత లాంటి బయటి లక్షణాలతోనే. 1818లో తన గురువు వెర్నర్ కూర్చున్న కుర్చీలోనే ఫ్రైబెర్గ్‌లో ప్రొఫెసర్ అయ్యారు, 1826లో వియన్నాకి మారారు. ఎక్కడున్నా ఈ పట్టు వదల్లేదు. అదే సమయంలో స్వీడన్‌లో బెర్జీలియస్ రాయి లోపల ఏముందో చూసి వర్గీకరించాలన్నారు. లోకం అటు వైపే వెళ్లింది. నిజానికి ఒక్కటే చూస్తే చాలదు. వజ్రం, పెన్సిల్‌లోని గ్రాఫైట్ రెండూ కార్బనే, అయినా ఒకటి పది, ఇంకోటి ఒకటీ రెండూ మధ్య. అందుకే ఇవాళ లోపలి పదార్థాన్నీ, అణువుల అమరికనీ రెండిటినీ చూస్తారు.

మోస్ 1839 సెప్టెంబర్ 29న, ఇటలీలోని అగోర్డో దగ్గర, ప్రయాణంలోనే కన్నుమూశారు. జీవితమంతా పెట్టి కట్టిన వర్గీకరణ ఇప్పుడెవరూ వాడరు. దానికోసం చేసుకున్న చిన్న పరికరం మాత్రం ప్రతి జియాలజీ ల్యాబ్‌లో ఉంది. మనం ఏడాదంతా కష్టపడిన ప్రాజెక్ట్‌ని ఎవరూ ఓపెన్ చెయ్యక, అందులోని ఒక్క ఫంక్షన్‌ని మాత్రం జూనియర్లందరూ కాపీ చేసుకున్నట్టు. ఆయనకి ఇది తెలిస్తే బాధపడేవారో, సంతోషించేవారో!

ఈసారి గ్రౌండ్‌లో తెల్లరాయి దొరికితే పాత గాజుముక్క మీద గట్టిగా గీసి చూడండి. గీత పడితే క్వార్ట్జ్ కావొచ్చు, పడకపోతే కాల్సైట్ కావొచ్చు. ఫోన్ మీద మాత్రం వద్దు, అది నేను ఆల్రెడీ చేసేశాను.