ఫలితము నడిగిన వైద్యుడు

చేసిన పని యెట్లు ముగిసినదో విచారింపక తన నేర్పును తానే మెచ్చుకొనుట సులభము. వైద్యమున ఈ యలవాటు ప్రాణములకే ముప్పు. ఈ సత్యమును చాటుటకై పదవిని, రాబడిని పోగొట్టుకొన్న శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ అమోరీ కాడ్మన్.

ఇతడు 1869లో అమెరికాలోని బోస్టన్ నగరమున జన్మించెను. 1895లో హార్వర్డ్ వైద్యకళాశాలనుండి పట్టము పొంది, మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో శస్త్రవైద్యుడయ్యెను.

ఆ కాలమున ఇల్లు చేరిన రోగి గతి యేమైనదో విచారించువారు అరుదు. కాడ్మన్ ఒక్కొక్క రోగికి ఒక్కొక్క చీటి వ్రాసి యుంచెను. వ్యాధి యేది, చేసిన చికిత్స యేది, సంవత్సరము గడచిన పిమ్మట రోగి యెట్లున్నాడు అను విషయము లందుండెను. గుణము కలుగనిచో అది వైద్యుని పొరపాటా, వ్యాధి తీవ్రతయా యని ఆతడు విచారించెను. ప్రతి ఆస్పత్రియు ఇట్టి లెక్కను ప్రజలకు వెల్లడింపవలెనని కోరెను.

నేర్పును గాక సేవాకాలమును బట్టి పదవులిచ్చుట తగదని 1914లో ఆతడు ఉద్యోగమును వదలెను. 1915లో ఒక వైద్యసభలో పరిహాసచిత్రమును చూపెను. ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడి వైద్యులకు బంగారుగుడ్లు పెట్టుచున్నట్లు అందు చిత్రింపబడెను. నిజ మెరుగక ధనమిచ్చు నగరవాసులే ఆ పక్షి. సభ్యులు మండిపడిరి. మిత్రులు పలువురు దూరమైరి.

కాడ్మన్ పరులను మాత్రమే ప్రశ్నింపలేదు. 1911లో తాను నెలకొల్పిన చిన్న ఆస్పత్రిలో 1916 వరకు 337 మంది చికిత్స పొంది వెళ్లిరి. వారి చికిత్సలో దొరలిన 123 దోషములను ఆతడు తానే అచ్చువేయించి లోకమున కెరిగించెను.

అమెరికా శస్త్రవైద్య సంఘమువారు ఆస్పత్రులను పరీక్షింప, 692 పెద్ద ఆస్పత్రులలో 89 మాత్రమే నియమములకు సరిపోయెను. పేర్లు బయటపడునని జడిసి, 1919లో ఆ జాబితాను న్యూయార్కులోని ఒక హోటలు కొలిమిలో కాల్చివేసిరి.

కాడ్మన్ 1940లో మరణించెను. 2014 వరకు ఆతని సమాధిపై పేరు చెక్కిన రాయియైనను లేదు.

అయినను ఆతని ప్రశ్న చావలేదు. 1954లో అదే బోస్టన్ నగరమున ఒకని మూత్రపిండమును మరియొకనికి అమర్చు చికిత్స జయప్రదమయ్యెను. అవయవదాతలు కొందరే, ఎదురుచూచు రోగులు వేలకొలది. కావున దొరికిన అవయవము వ్యర్థము కారాదు. నేడు అమెరికాలో అవయవమార్పిడి చేయు కేంద్రములలో సంవత్సరము గడచిన పిమ్మట ఎందరు జీవించియున్నారో లెక్కించి ప్రకటించుచున్నారు. రోగుల స్థితిని బట్టి ఎందరు జీవింపవలసియుండెనో అంచనా వేసి, ఆ సంఖ్యతో దీనిని పోల్చుచున్నారు. అట్లు పోల్చనిచో, కఠినవ్యాధిగ్రస్తులను చేర్చుకొను మంచి వైద్యునికే చెడ్డపేరు వచ్చును.

నాడు కాల్చివేసినట్టి జాబితా నేడు రోగులు చేతబట్టుకొని చదువదగినది. తన తప్పును తాను లెక్కించుకొనగల ధైర్యమే కాడ్మన్ వైద్యలోకమునకు విడిచిన ఆస్తి.