మంత్రసానుల పక్షాన నిలిచిన రోజలిండ్ పేజెట్ (1855–1948)

నర్సులనగానే మనకు ఫ్లారెన్స్ నైటింగేల్ గుర్తుకు వస్తారు. ఇంగ్లండు మంత్రసానుల చరిత్రలో అంతటి స్థానం రోజలిండ్ పేజెట్‌ది.

ఆమె 1855 జనవరి 4న లివర్‌పూల్‌లో సంపన్న కుటుంబంలో జన్మించారు. తండ్రి జాన్ పేజెట్ న్యాయాధికారి. మేనమామ విలియం రాత్‌బోన్ 1859లో పేదల ఇండ్లకే నర్సును పంపే ఏర్పాటు చేసిన దాత. రోజలిండ్ లండన్ ఆసుపత్రులలో నర్సుగా శిక్షణ పొంది, 1885లో మంత్రసాని పనిలోను యోగ్యత సంపాదించారు. విక్టోరియా రాణి పేరిట ఏర్పడిన ఇంటింటి నర్సుల సంస్థలో తొలి నర్సు ఆమెయే. ఈ విధంగా రెండు వృత్తుల మంచిచెడ్డలు ఆమెకు స్వయంగా తెలిసినవి.

ఆ సంస్థ నర్సుకు జీతం, బస, యూనిఫారం ఉండేవి. మంత్రసానికి అవేమీ లేవు. కానుపుకు ఇంతని తల్లిదగ్గర పుచ్చుకొనే కొద్ది షిల్లింగులే ఆమె జీవనాధారం. పేదఇంట అవీ రాకపోవచ్చు. రాత్రనక పగలనక పిలుపు వస్తే వెళ్లవలసిందే.

రోజలిండ్ 1886లో మంత్రసానుల సంఘంలో చేరి, అనేక సంవత్సరాలు దాని కోశాధికారిగా పనిచేశారు. 1887లో 'నర్సింగ్ నోట్స్' పత్రిక ప్రారంభించినవారిలో ఆమె ఒకరు. శిక్షణ పొందినవారికి చట్టం గుర్తింపు ఇవ్వాలని ఈ సంఘం కోరింది. తమ రాబడి పోతుందని కొందరు డాక్టర్లు, మంత్రసానికి వేరే గుర్తింపు దేనికని కొందరు నర్సుల నాయకులు అడ్డుపడ్డారు. 1890 నుండి బిల్లు వెంట బిల్లు వీగిపోయినా ఆమె విడువలేదు. చివరకు 1902లో చట్టం వచ్చింది. నర్సుల రిజిస్ట్రేషను చట్టం 1919లో గాని రాలేదు. అంటే గుర్తింపులో మంత్రసానులే 17 ఏండ్లు ముందున్నారు.

అయితే గుర్తింపు వచ్చినంతలో కడుపు నిండలేదు. పర్యవేక్షణకు ఏర్పడిన బోర్డులో మంత్రసాని ఒకరైనా ఉండాలని చట్టం చెప్పలేదు. రోజలిండ్ కూడా నర్సుల సంస్థ ప్రతినిధిగానే అందులో కూర్చున్నారు. సంచి, పనిముట్లు, రికార్డులు, కానుపు తరువాత పది రోజుల శుశ్రూష అన్నీ నిబంధనలలో చేరాయి. జీతం మాత్రం చేరలేదు. ప్రమాదం కనబడితే డాక్టరును పిలవాలన్నారు గాని ఆయన ఫీజు ఎవరివ్వాలో చెప్పలేదు. 1911 బీమా చట్టం బాలింతకు 30 షిల్లింగులు ఇప్పించడంతో మంత్రసానికి ఫీజు అందే ఆశ కలిగింది. 1918 చట్టం డాక్టరు ఫీజు భారాన్ని స్థానిక ప్రభుత్వాలపై పెట్టింది.

ఆమె 1924 వరకు బోర్డులో కొనసాగారు. 1935లో డేమ్ బిరుదు లభించింది. మరుసటి ఏడు, 1936లో, జీతంపై మంత్రసానులను ఏర్పాటుచేయడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత అని చట్టమైంది. గుర్తింపుకు, జీతానికి మధ్య 34 సంవత్సరాలు గడిచాయి! 1948 జూలై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభం కాగా, ఆగస్టు 19న తన 93వ ఏట రోజలిండ్ కన్నుమూశారు.

ధనవంతురాలైన ఆమెకు ఆ జీతం అవసరమే లేదు. అయినను ఇతరుల కూలి కోసం జీవితకాలం పాటుపడ్డారు. సేవ అనే మాట చాటున పనివారి కూలి మరుగుపడరాదని ఆమె జీవితం మనకు తెలియజేస్తున్నది.