పక్కవాడి పల్లకి చూడని పోతన

🙏 శ్రీరామ జయం 🙏

ఈ శుక్రవారం మనం తలచుకునే భక్తుడు బమ్మెర పోతన గారు.

పోతన గారు 15వ శతాబ్దం వారు. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. ఊరు బమ్మెర, ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. మన కడప వైపు వాళ్లేమో ఆయన ఒంటిమిట్ట కోదండరాముడి సన్నిధిలోనే భాగవతం రాశారని నమ్ముతారు. ఏ ఊరి వాళ్లైనా ఒక మాట మాత్రం ఒకేలా చెబుతారు. ఆయన నాగలి పట్టిన కవి. పొలం దున్నుకుని బతికారు.

ఆ శతాబ్దంలోనే ఇంకో మహాకవి ఉన్నారు, శ్రీనాథుడు. ఆయన వైభవం అంతా ఇంతా కాదు. కొండవీడు రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారి. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టు అనే పండితుడిని ఓడించి, బంగారు నాణేలతో స్నానం చేయించుకున్నారు. దాన్నే కనకాభిషేకం అంటారు.

జనం చెప్పుకునే కథల్లో ఈ ఇద్దరూ బావ, బావమరిది. ఒకే పని, కవిత్వం. ఒకాయన పల్లకిలో తిరుగుతున్నారు, ఇంకొకాయన మడికట్టులో నిలబడి ఉన్నారు. ఇంతకంటే పోల్చుకోవడానికి ఏం కావాలి చెప్పండి? ఊళ్లో చుట్టాలు ఊరుకుంటారా? నీ బావ చూడు ఎక్కడున్నాడో, నువ్వు చూడు ఎక్కడున్నావో అనరా?

ఒకసారి శ్రీనాథుడు పోతన గారి ఇంటికి వచ్చి, ఆ ఇబ్బందులు చూసి, భాగవతాన్ని ఒక రాజుకి అంకితం ఇవ్వమని సలహా ఇచ్చారట. చెడు ఉద్దేశంతో కాదు, మనవాడు బాగుపడాలనే. ఆ రాత్రి పోతన గారికి సరస్వతీదేవి కన్నీళ్లతో కనిపించిందని, తల్లీ నిన్ను అమ్ముకోను అని ఆయన మాట ఇచ్చారని పెద్దలు చెబుతారు.

అసలు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? భాగవతం మొదట్లో ఆయనే చెప్పుకున్నారు. చంద్రగ్రహణం నాడు గంగ ఒడ్డున శివుణ్ణి ధ్యానిస్తూ కూర్చుంటే, రాముడు కనిపించి భాగవతాన్ని తెలుగులో రాయమన్నాడు. పని చెప్పినవాడు రాముడు. కాబట్టి పని రాముడిది. ఇక పక్కవాడికి ఎంత ముట్టింది అన్న లెక్కతో ఆయనకు పనిలేదు. ఈ పని నేను ఎవరి కోసం చేస్తున్నాను అన్నదే ఆయన లెక్క.

ఆయన రాసిన కుచేలుడి కథ కూడా ఇదే కదా! కృష్ణుడు, కుచేలుడు ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. ఒకడు ద్వారకలో, ఇంకొకడు చిరిగిన బట్టలో. కొంగున కట్టుకుపోయిన పిడికెడు అటుకులు చూసి కుచేలుడు సిగ్గుపడ్డాడేమో గానీ, స్నేహితుడి మేడలు చూసి కుళ్లుకోలేదు. ఏమీ అడగకుండానే తిరిగి వచ్చాడు. సంపద వచ్చిన తరువాత కూడా మనసు మార్చుకోలేదు.

ఇప్పుడు శ్రీనాథుడి సంగతి. చాటుపద్యాలు చెప్పేదాన్ని బట్టి, చివరి రోజుల్లో బొడ్డుపల్లె పొలాలు గుత్తకు తీసుకుంటే కృష్ణమ్మ వరదకు పంట కొట్టుకుపోయింది. పన్ను కట్టలేక శిక్ష కూడా అనుభవించారు. ఇది విని, చూశావా పల్లకి ఎక్కినవాడి గతి అనుకోకండి! అది కూడా పోలికే. పక్కవాడు పైకెళ్తే ఏడవడం, కింద పడితే తృప్తి పడడం, రెండూ ఒకే జబ్బు. శ్రీనాథుడు రాసిన కాశీఖండం ఈరోజుకీ నిలిచే ఉంది. ఎవరి బాట వారిది.

మన జహ్రా కూడా ఒకప్పుడు తోటల ఊరే. ఇప్పటికీ మజ్రాల్లో మట్టి పిసికే మనవాళ్లకు పోతన గారి బతుకు వేరే చెప్పక్కర్లేదు. ఒకే విమానంలో వచ్చిన ఇద్దరిలో ఒకరు కంపెనీలో, ఒకరు అరబ్బు ఇంట్లో పడతారు. ఒకరి స్టేటస్‌లో కొత్త మేడ గృహప్రవేశం ఫోటో కనిపిస్తుంది. ఆ మేడ మీద ఎంత వడ్డీ ఉందో ఫోటోలో కనపడదు. మనం మాత్రం ఆ రాత్రి నిద్రపోం. ఇంటికి ఫోన్ చేసి ఆలి మీద అరుస్తాం. లేకపోతే మనమూ అప్పు చేసి పునాది తీస్తాం. కొందరు ఎవరో ఎక్కువ దినార్లు అన్నారని కఫీల్‌కి చెప్పకుండా బయటికి వెళ్లిపోయి, అకామా పోగొట్టుకుని, ఊరికి పోలేక ఇక్కడ ఉండలేక నలిగిపోతున్నారు.

ఒక్కటి గుర్తుంచుకోండి. చేసిన పనికి జీతం ఇవ్వకపోతే అడగడం, కొడితే ఎంబసీకి వెళ్లడం పోలిక కాదు, అది మన హక్కు. పోతన గారు చెప్పేది అన్యాయాన్ని భరించమని కాదు. మన బతుకును పక్కవాడి కొలబద్దతో కొలవొద్దని.

ఇంకో విషయం. ఈరోజు మన చేతిలో ఉన్న భాగవతం 12 స్కంధాల్లో అన్నీ పోతన గారివి కావు. ఐదో స్కంధం గంగన, ఆరో స్కంధం సింగన, చివరి రెండూ నారయ పూర్తి చేశారు. పోతన గారి పక్కన మన పేరు చిన్నబోతుంది అని వాళ్లు అనుకుని ఉంటే పుస్తకం సగంలోనే ఆగేది. తమ వంతు తాము చేశారు, గ్రంథం నిండింది.

ఈ రాత్రి రూములో పడుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి. నేను ఎవరి కోసం ఈ ఎడారికి వచ్చాను? పాప చదువుకా, తమ్ముడి అప్పుకా, అమ్మ మందులకా? పోయిన ఏడాది కంటే ఆ భారం ఎంత తగ్గింది? పక్క మంచం వాడిది కాదు, మీ లెక్కే చూసుకోండి. నూరు రూపాయలు తగ్గినా రాముడికి దండం పెట్టుకుని పడుకోండి.

ఆ కోదండరాముడు మనందరినీ, ఊళ్లో మనవాళ్లనూ చల్లగా చూడాలి. మనసుకు నచ్చితే దిగులుగా ఉన్న మరో అన్నకో అక్కకో పంపండి.

🙏 జై శ్రీరామ్ 🙏