దాశరథి: ఖిల్లా జైలు గోడపై బొగ్గుతో రాసిన కవి.. రేడియో, సినిమా దాటి ఢిల్లీ అవార్డు దాకా ఎలా వెళ్లారంటే..

బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లే బస్సులో పాత పాటలు వినేవాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. 'మూగమనసులు' సినిమాలో జమున మీద తీసిన గోదారి పాట ఫోన్‌లో మోగిందంటే పక్క సీటులోవాళ్లు కూడా తల ఊపుతారు. తెర మీద జమునను గుర్తుపడతారు. గొంతు సుశీలది అని ఠక్కున చెప్పేస్తారు. సంగీతం కేవీ మహదేవన్ అని కొందరికి తెలుసు. పాట రాసిందెవరు అంటే మాత్రం వీడియో కింద డిస్క్రిప్షన్ తెరిచి చూడాల్సిందే.

ఆ పేరు దాశరథి కృష్ణమాచార్య. ఇంకో విషయం కూడా ఉంది. ఆ బస్సు ఎడపల్లి దాటి నిజామాబాద్ చేరాక ఊళ్లో ఒక గుట్ట, దాని మీద పాత కోట కనిపిస్తాయి. ఖిల్లా అంటారు. ఆ పాట రాసిన మనిషి ఒకప్పుడు ఆ ఖిల్లా జైల్లో ఖైదీ.

జైలు గోడ, పుస్తకం, రేడియో, సినిమా.. ఈ నాలుగు చోట్లా రాసిన కవి ఆయన. ఢిల్లీ అవార్డు మాత్రం ఒక్క పుస్తకానికే వచ్చింది.

చిన్నగూడూరు నుంచి ఉస్మానియా దాకా

దాశరథి పుట్టింది 1925 జులై 22న, అప్పటి వరంగల్ జిల్లా చిన్నగూడూరులో. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. తండ్రి వెంకటాచార్య, తల్లి వెంకటమ్మ. సంప్రదాయ కుటుంబం కావడంతో ఇంట్లోనే సంస్కృతం అబ్బింది. ఖమ్మంలో హైస్కూల్ చదువు, తర్వాత ఉస్మానియాలో ఇంగ్లిష్ సాహిత్యంతో బీఏ. నిజాం రాజ్యంలో బడి భాష, కచేరీ భాష ఉర్దూ కాబట్టి అదీ వచ్చింది. నాలుగు భాషలూ బాగా తెలిసిన కుర్రాడు. 'చిల్లర దేవుళ్లు' నవల రాసిన దాశరథి రంగాచార్య ఈయనకు స్వయానా తమ్ముడు.

చదువుకునే రోజుల్లోనే రాజకీయాల్లోకి దిగారు. ముందు కమ్యూనిస్టు పార్టీ, తర్వాత స్టేట్ కాంగ్రెస్. ఊరూరా తిరిగి నిజాం పాలనకు వ్యతిరేకంగా మాట్లాడారు, పద్యాలు చదివారు. దాంతో అరెస్టు అయ్యారు. వరంగల్ జైలు, అక్కడి నుంచి నిజామాబాద్ జైలు.

పళ్లు తోముకునే బొగ్గే కలం

అది 1948 కాలం. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లోనే మొదలైంది. ఎడపల్లి చుట్టుపక్కల నీళ్లున్న పొలాలన్నీ చెరుకు వైపు మళ్లిన రోజులు. జిల్లా ఆ తీరుగా నడుస్తుంటే, గుట్ట మీద జైలు మాత్రం రాజకీయ ఖైదీలతో నిండిపోయింది.

దాశరథితో పాటు ఆ జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. ఆళ్వారుస్వామి అంటే తెలంగాణలో పుస్తకాలను ఊరూరా మోసుకెళ్లి అమ్మిన మనిషి. 1938లోనే దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలుగు పుస్తకాలు అచ్చు వేశారు. అలాంటి పబ్లిషర్ ఒకరు, అచ్చు కాని కవి ఒకరు ఒకే జైల్లో పడ్డారు. ఇద్దరి చేతిలోనూ కాగితం లేదు.

ఉన్నది పళ్లు తోముకోవడానికి ఇచ్చే బొగ్గు. దాశరథి ఆ బొగ్గుతోనే గోడ మీద పద్యం రాసేశారు. నిజాంను పిశాచమని తిడుతూ రాసిన పద్యం అది. జైలు సిబ్బంది చెరిపేశారు. మళ్లీ రాశారు. గోడ మీది పద్యాలను ఆళ్వారుస్వామి కంఠస్థం చేసేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి ఇందులో ఆశ్చర్యపడాల్సింది కవి ధైర్యం ఒక్కటే కాదు. గోడ మీద రాసింది నిలవదని ఇద్దరికీ తెలుసు. ఒకరు రాస్తూ పోయారు, ఇంకొకరు గుర్తుపెట్టుకుంటూ పోయారు.

1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం కథ ముగిసింది. లొంగిపోతున్నట్టు నిజాం రేడియోలో ప్రకటించారు. మరుసటి ఏడాది, 1949లో, దాశరథి మొదటి పుస్తకం 'అగ్నిధార' వచ్చింది. ఆ పుస్తకాన్ని అంకితం ఇచ్చింది ఎవరికో కాదు, ఆళ్వారుస్వామికే. 1950లో 'రుద్రవీణ', 1955లో 'మహాంధ్రోదయం' వచ్చాయి. మధ్యలో 1953లో తెలంగాణ రచయితల సంఘం ఏర్పాటులోనూ ఆయనదే ముఖ్య పాత్ర.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. తెలంగాణను వీణతో పోల్చిన దాశరథి మాట తర్వాతి కాలంలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి నినాదమైంది. కానీ అదే దాశరథి తెలుగువాళ్లంతా ఒక్కటి కావాలని 'మహాంధ్రోదయం' రాశారు. రెండూ ఆయనవే. ఇప్పటి వీడియోల్లో మొదటి సగమే ఎక్కువగా కనిపిస్తుంది.

నిజాం రేడియో కేంద్రంలోనే ఉద్యోగం!

జైలు నుంచి బయటకు వచ్చాక బతుకుదెరువు చూసుకోవాలి కదా. టీచర్‌గా పనిచేశారు. పంచాయతీ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. చివరికి కుదిరిన ఉద్యోగం ఆకాశవాణి. హైదరాబాద్, మద్రాసు కేంద్రాల్లో పనిచేశారు.

హైదరాబాద్ కేంద్రానికి ముందు పేరు దక్కన్ రేడియో. నిజాం ప్రభుత్వానిది. 1948లో నిజాం మాట్లాడింది దాని నుంచే. 1950లో దాన్ని ఆలిండియా రేడియో తీసుకుంది. నిజాంను గోడ మీద తిట్టి జైలు కూడు తిన్న కవి, కొన్నేళ్లకు అదే రేడియో కేంద్రంలో జీతం తీసుకున్నాడన్నమాట. ఇలాంటి మలుపు సినిమాలో పెడితే నమ్మడం కష్టం.

రేడియో అంటే కవికి వేరే శిక్షణ. పుస్తకంలో పద్యం అర్థం కాకపోతే పాఠకుడు వెనక్కి తిరిగి మళ్లీ చదువుతాడు. రేడియోలో ఆ అవకాశం లేదు. చెవిన పడ్డప్పుడే తలకెక్కాలి. నాటికైతే మరీ కష్టం. వేదిక లేదు, వేషం లేదు, అంతా మాటల్లోనే కనిపించాలి. దాశరథి నాటికలు 'నవమి' పేరుతో పుస్తకంగా కూడా వచ్చాయి. కానీ రేడియో కోసం అప్పటివాళ్లు చేసిన పనిలో చాలా భాగం ప్రసారమైన రోజే గాలిలో కలిసిపోయింది. టేపు దాచినవి తక్కువ, అచ్చయినవి ఇంకా తక్కువ.

1961లో రెండు పనులు

దాశరథి జీవితంలో 1961 గట్టి ఏడాది. ఆ ఏడాది ఆయన ఉర్దూ మహాకవి గాలిబ్ కవితలను 'గాలిబ్ గీతాలు' పేరుతో తెలుగు చేశారు. బాపు బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకం అక్కినేని నాగేశ్వరరావుకు అంకితం. అదే ఏడాది సినిమాల్లోకి వచ్చారు. ఆత్రేయ దర్శకత్వంలో వచ్చిన 'వాగ్దానం', ఆదుర్తి సుబ్బారావు తీసిన 'ఇద్దరు మిత్రులు' మొదటి సినిమాలు. రెండింటిలోనూ అక్కినేనే హీరో.

'ఇద్దరు మిత్రులు' పాటలోకి ఆయన ఖుషీ అనే మాటను తెచ్చి పెట్టారు. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడేవాళ్లకు అది రోజూ నోట్లో నానే మాటే. అప్పటి మద్రాసు సినిమా తెలుగుకు మాత్రం కొత్త రుచి. జైలు గోడ మీద నిప్పులు కురిపించిన కవే ఇంత హాయిగా రాశాడా అని విన్నవాళ్లు అనుకునేలా ఉంటుంది ఆ పాట.

ఆ తర్వాత వరుసగా రాశారు. 'అమరశిల్పి జక్కన', 'మూగమనసులు', 'రంగులరాట్నం', 'బుద్ధిమంతుడు', 'కన్నెవయసు', 'పూజ'.. ఈ సినిమాల్లో బాగా నిలిచిపోయిన పాటల్లో దాశరథివి ఉన్నాయి. 'కన్నెవయసు'లో బాలసుబ్రహ్మణ్యం పాడిన పారిజాతం పాట, 'పూజ'లో జన్మల బంధం గురించిన యుగళగీతం పెళ్లి వీడియోల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటాయి. ఎడిట్ చేసే కుర్రాళ్లకు ఆ పాటలు తమ తాతల కాలంవని తెలుసో లేదో.

సినిమావాళ్లకు వరుసగా అవార్డులు.. కానీ సినిమాకు కాదు

1967లో 'కవితాపుష్పకం' పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు. ఆ పుస్తకం పేరు 'తిమిరంతో సమరం'. అంటే చీకటితో యుద్ధం. అప్పట్లో ఆ అవార్డు కింద ఇచ్చే నగదు 5 వేల రూపాయలు. దాంతో పాటు ఒక ఫలకం ఇస్తారు. ఆ ఫలకాన్ని డిజైన్ చేసింది సినిమా దర్శకుడు సత్యజిత్ రే. పుస్తకాల అవార్డు మీద సినిమా మనిషి చేతిముద్ర అలా పడింది.

ఇప్పుడు తెలుగు అవార్డుల లిస్టు ఒకసారి చూడండి. 1971లో తాపీ ధర్మారావు. 'మాలపిల్ల' సినిమాకు మాటలు రాసింది ఆయనే. 1972లో శ్రీశ్రీ. 1973లో సి.నారాయణరెడ్డి. 1974లో దాశరథి. వరుసగా నాలుగేళ్లు.. నలుగురూ సినిమాలకు రాసినవాళ్లే! 1978లో దేవులపల్లి కృష్ణశాస్త్రి వచ్చారు. ఆయనా అంతే.

కానీ ఒక్కరికీ సినిమా పని మీద రాలేదు. ధర్మారావుకు 'విజయవిలాసం' కావ్యానికి రాసిన వ్యాఖ్యానం మీద వచ్చింది. మిగతావాళ్లకు వాళ్ల పుస్తకాల మీద వచ్చింది. సాహిత్య అకాడమీ ఇచ్చేదే పుస్తకానికి కాబట్టి రూల్ ప్రకారం తప్పేమీ లేదు. అయితే లక్షల మంది నోళ్లలో ఆడిన మాట ఒక ఖాతాలో, వేల కాపీలు అమ్ముడుపోతే గొప్ప అనుకునే మాట ఇంకో ఖాతాలో పడిపోయాయి.

నాటకం, రేడియో మాత్రం కాస్త ముందే ఆ లిస్టులోకి వచ్చాయి. 1960లో పోణంగి శ్రీరామ అప్పారావుకు 'నాట్యశాస్త్రము' పుస్తకం మీద ఇదే అవార్డు దక్కింది. 1961లో ఆకాశవాణి మనిషి బాలాంత్రపు రజనీకాంతరావుకు 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' మీద వచ్చింది. ఒకటి రంగస్థల విద్య, ఇంకోటి పాట కట్టి పాడినవాళ్ల చరిత్ర.

సినిమా గురించి రాసిన పుస్తకం వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ సినిమా పుస్తకం అనే విభాగం 1981 సంవత్సరపు అవార్డులతోనే మొదలైంది. 2013 సంవత్సరానికి నందగోపాల్ రాసిన 'సినిమాగా సినిమా', 2014కు పసుపులేటి పూర్ణచంద్రరావు రాసిన 'సైలెంట్ సినిమా' ఈ అవార్డు గెలిచాయి. రెండేళ్లు వరుసగా తెలుగు పుస్తకాలే! వార్త వచ్చిన రోజు అందరూ హీరోలు, హీరోయిన్ల అవార్డులే చూశారు. పుస్తకాల సంగతి పేజీ అడుగున పోయింది.

దాశరథి ఆ రెండు పుస్తకాలూ చూడలేదు. తన సినిమా పనికి, రేడియో పనికి పుస్తకాల లోకంలో విలువ కట్టే ఏర్పాటు ఆయన బతికుండగా సరిగ్గా కుదరనే లేదు. ఆయన ఆత్మకథ 'యాత్రాస్మృతి' ఉంది. జైలు రోజులు, ఉద్యమం గురించి తెలుసుకోవాలంటే అందులోకి వెళ్లాల్సిందే.

ఆస్థాన కవి.. ఆ పదవీ పోయింది

1977 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాశరథిని ఆస్థాన కవిగా నియమించింది. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. రాజును తిట్టి జైలుకెళ్లిన కవికి ఆస్థానం అనే పేరున్న పదవి రావడం ఇంకో మలుపు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక ఆ పదవినే రద్దు చేశారు. తర్వాత ఇంకెవరికీ ఇవ్వలేదు. అలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చివరి ఆస్థాన కవి ఆయనే అయ్యారు.

1987 నవంబర్ 5న దాశరథి కన్నుమూశారు. అప్పటికి వయసు 62 ఏళ్లు.

తెలంగాణ వచ్చాక 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరిట ఏటా ఒక సాహిత్య పురస్కారం ఇస్తోంది. ఆయన జయంతి జులై 22న ఇస్తారు. 2025తో ఆయన పుట్టి నూరేళ్లు నిండాయి.

నిజామాబాద్ జైలు ఖిల్లా గుట్ట దిగి చాలా కాలమైంది. ఇప్పుడది సారంగపూర్‌లో ఉంది. బోధన్, ఎడపల్లి నుంచి వచ్చే బస్సు దాని మీదుగానే ఊళ్లోకి వెళ్తుంది. పాత జైలు మాత్రం గుట్ట మీద అలాగే ఉంది. రఘునాథ ఆలయానికి వెళ్లేవాళ్లు దాశరథిని పెట్టింది ఏ గదిలో అని అడుగుతుంటారు. బొగ్గు రాతలు ఎప్పుడో పోయాయి.